కనబడుట లేదు: ఒక నానోమీటరు

ఏప్రిల్ వస్తే విశాఖ జనానికి ఉక్కపోత, విశాఖలోని ప్రయోగశాలలకి స్టాక్ వెరిఫికేషన్. మొదటిదానికి బీచ్ రోడ్డులో కొబ్బరిబోండం దొరుకుతుంది. రెండోదానికి ఇంకా మందు కనిపెట్టలేదు.

నేను ఈ వెరిఫికేషన్‌కి వీరాభిమానిని. సర్కారు సొమ్ముతో కొన్న ప్రతి వస్తువూ ఏడాదికోసారి అధికారి కంటపడాలి, దాని మీద నంబరుండాలి, రిజిస్టరులో ఉన్నది బల్ల మీద ఉండాలి. కుర్చీలు, ఫ్యాన్లు, బీరువాలు అన్నీ బుద్ధిగా ఈ నియమానికి లొంగుతున్నాయి. తలబిరుసుతో లొంగనిది ఒక్కటే, పాలిమర్ పొర.

పీవీడీఎఫ్ అని ఒక ప్లాస్టిక్. దాని పొడవాటి అణువు గొలుసుకి ఒక పక్క హైడ్రోజన్లు, ఇంకో పక్క ఫ్లోరిన్లు వరసగా నిలబడితే ఒకవైపు ప్లస్, ఒకవైపు మైనస్. వోల్టేజీ తిరగేస్తే ఆ దిశ కూడా తిరగబడుతుంది, వోల్టేజీ తీసేశాక కూడా అలాగే ఉండిపోతుంది. ఇదే ఫెర్రోఎలక్ట్రిక్ గుణం. 1920లో వాలసెక్ అనే శాస్త్రవేత్త దీన్ని మొదట రోషెల్ ఉప్పు అనే స్ఫటికంలో పట్టుకున్నాడు. పీవీడీఎఫ్ గొలుసులో అక్కడక్కడా ట్రైఫ్లోరోఇథిలీన్ అనే ఇంకో రకం ముక్క చేర్చి చేసిన కోపాలిమర్‌ని నీటి మీద పరిచి, పొర తర్వాత పొర గాజు మీదికి ఎత్తితే ఒక్క నానోమీటరు మందం దాకా పల్చగా వస్తుంది. అంత పల్చనైతే గుణం చస్తుందని చాలామంది అనుకున్నారు. చావలేదని 1998లో రష్యా, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి నేచర్ పత్రికలో చూపించారు. వేడి చేస్తే ఆ గుణం పోయే ఉష్ణోగ్రత కూడా మందపాటి ముక్కలో ఉన్నట్టే ఉంది. దానికితోడు 20 డిగ్రీల దగ్గర ఇంకో ఫేజ్ మార్పు, అంటే పదార్థం ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారడం, కనబడింది, అది కేవలం ఉపరితలానిదై ఉండొచ్చన్నారు.

ఆ 20 డిగ్రీల మార్పు చూడాలనుకునే వాళ్లకి ఒక సలహా. ఏప్రిల్‌లో మా ఊళ్లో ఆ చల్లదనం ఉండే ఆఫీసు గది అకౌంట్స్ సెక్షనే. పరికరాలు అక్కడికి మోయండి. ల్యాబులో ఏసీ సాయంత్రం అయిదింటికల్లా కట్టేయాలని సర్క్యులర్ ఉంది, కరెంటు పొదుపు. ఇంకో సంగతి, పది నానోమీటర్ల పొరని తిప్పడానికి సుమారు అయిదు వోల్టులు చాలు. అకౌంట్స్‌లో ఫైలు తిప్పడానికి ఎన్ని వోల్టులు కావాలో నేచర్ పత్రిక కూడా రాయలేదు.

ఇక అసలు ఘట్టం. పేరెందుకు లెండి, మన ఊళ్లోనే ఒకానొక ప్రయోగశాల. అధికారి గారు వచ్చారు, వెనక రిజిస్టరుతో గుమాస్తా, ఎదురుగా పొర చేసిన పరిశోధక విద్యార్థిని.

"పొర ఎక్కడమ్మా?"

"ఈ గాజు మీద ఉంది సార్."

"గాజు కనబడుతోంది. పొరేదీ?"

"కంటికి ఆనదు సార్, ఒక నానోమీటరు."

"అంటే ఎన్ని మిల్లీమీటర్లు?"

"మిల్లీమీటరులో పది లక్షలో వంతు సార్."

రిజిస్టరు గడిలో రెండు దశాంశాలకే చోటుంది. గుమాస్తా 0.00 అని వేశాడు. మందం సున్నా అయితే స్టాకు నిల్. అధికారి గారు ధర్మాత్ములు, ఇంకో అవకాశం ఇద్దామని గాజుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి పట్టారు. డాల్ఫిన్ నోస్ కనిపించింది, లైట్‌హౌస్ కనిపించింది, పొర కనిపించలేదు. పైన అల్యూమినియం ఎలక్ట్రోడు ఇంకా వేయలేదు మరి. "మసగ్గా ఉందేంటమ్మా, తుడవరా?" అని హా అని ఊది, జేబురుమాలు తీసి, మూలమూలలా శుభ్రంగా తుడిచారు. ఆ అమ్మాయి నోరు తెరిచేలోపే అయిపోయింది. కండిషన్ అనే గడిలో 'బాగుంది' అని రాయించారు. పోతూ పోతూ గాజు మీద ఎర్ర ఎనామిల్ పెయింటుతో నంబరు కూడా వేయించారు. నీటి మీద పొర పరిచే తొట్టెని చూసి, ఇది శానిటరీ పద్దులోకి రావాలి కదా అని ఆరా తీశారట.

ఆ పిల్లకి నెలల తరబడి స్టైపెండ్ రాలేదు. మద్దిలపాలెంలో గది అద్దెకి స్నేహితురాళ్ల దగ్గర చేయి చాచింది. ఏసీ కట్టేసిన గదిలో, చెమట చుక్క తొట్టెలో పడకుండా చున్నీ తలకి చుట్టుకుని, ఊపిరి బిగబట్టి ఎత్తిన పొర అది. ఎవడిచ్చాడయ్యా ఆ జేబురుమాలుకి అధికారం? మీ రిజిస్టరుకి కొన్నదే వస్తువు. చేతులతో చేసినదానికి అందులో గడే లేదు. కుర్చీ విరిగితే రైట్-ఆఫ్ చేయడానికి కమిటీ వేస్తారే, ఒక మనిషి ఏడాది కష్టం తుడిచేస్తే కనీసం సారీ అనడానికి కూడా ఒక ఫారం లేదా? సిగ్గుండాలి!

సరే, వ్యవస్థ తన పని తాను చేసింది. పొర కనబడనందున లెక్కలో తేడా ఉందని డిస్క్రిపెన్సీ నోట్ వెళ్లింది. కోపాలిమర్ ఖరీదు ఆ అమ్మాయి స్టైపెండ్ నుంచి రికవరీ చేయాలని ఉత్తర్వు వచ్చింది. స్టైపెండే రాలేదు కాబట్టి రికవరీకి వీలుపడలేదు. దాంతో, బకాయి వెంటనే విడుదల చేస్తే అందులో కోత వేసుకుంటామని ఆడిట్ వాళ్లే అకౌంట్స్‌కి రాశారు. ఆమె స్టైపెండ్ మీద ఆ ఆఫీసులో 'అత్యవసరం' అని ముద్ర పడిన మొదటి కాగితం అదే.