ఎం.ఆర్క్ పిల్లల చేత పని చేయించుకుంటే డబ్బులివ్వండి

ఎండాకాలం సెలవులు దగ్గరపడ్డాయంటే నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. "మేడమ్, మా సార్ రీసెర్చ్ ప్రాజెక్టులో ఇంటర్న్‌గా చేరమంటున్నారు. స్టైపెండ్ ఉందా అని అడిగితే బాగుండదేమో?" ఊర్లు వేరు, కాలేజీలు వేరు, ప్రశ్న మాత్రం ఇదే. విడివిడిగా జవాబులు రాసే బదులు ఇక్కడ ఒకేసారి రాస్తున్నా. పోస్టు పెద్దదే. ఆర్కిటెక్చర్ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు మాత్రం దయచేసి చివరిదాకా చదవండి. ఇది పిల్లలకంటే ఎక్కువగా మీకోసమే.

నేను చెప్పేది ఒక్కటే. అధ్యాపకుల ప్రాజెక్టులో పీజీ విద్యార్థి చేసేది పని. పనికి డబ్బివ్వాలి. ఎంతో ముందే కాగితం మీద రాయాలి, నెల తిరగ్గానే చేతికివ్వాలి. ఇది బతిమాలుకుని తెచ్చుకునే సాయం కాదు.

అసలు ఎం.ఆర్క్, అంటే ఆర్కిటెక్చర్‌లో పీజీ, చదివే విద్యార్థి ఎవరు? ఐదేళ్ల బి.ఆర్క్ డిగ్రీ పూర్తి చేసి వచ్చినవాడు. ఆ ఐదేళ్లలోనే ఆఫీసు ట్రైనింగ్ కూడా అయిపోయింది. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేయించుకుంటే ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకుని, ఇంటి ప్లాను గీసి ఫీజు తీసుకోవచ్చు. చాలామంది రెండు మూడేళ్లు జీతానికి పనిచేసి, ఆ జీతం వదులుకుని మరీ పీజీకి వస్తారు. బయట ఫీజు తీసుకునే హక్కు చట్టమే ఇచ్చిన మనిషి కాలేజీ గేటు దాటి లోపలికి రాగానే ఊరికే పనిచేయాలంటే ఎలా?

పని అంటే ఏమిటో ఈ రంగంలో లేనివాళ్లకు కాస్త చెప్పాలి. నేను చదువుకునే రోజుల్లో ఓ వేసవి కోనసీమ వైపు పాత మండువా ఇళ్లు కొలవడానికి తీసుకెళ్లారు. ఎవరి ప్రాజెక్టన్నది ఇక్కడ అనవసరం. పాత ఇళ్లలో గోడలు సరిగ్గా తొంభై డిగ్రీల్లో ఉండవు. గదిని నాలుగు వైపులా కొలిస్తే సరిపోదు, మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవాలి. లేకపోతే రాత్రి కంప్యూటర్‌లో, ఆటోక్యాడ్‌లో గీసేటప్పుడు నాలుగో మూల కలవదు, తెల్లారి మళ్లీ ఆ ఇంటికే పోవాలి. గోడ పొడవునా తలుపులూ కిటికీలూ ఉన్నప్పుడు ఒక్కోదాన్నీ విడిగా కొలవకూడదు. టేపు సున్నా ఒక మూలన పట్టుకుని అవతలి చివరిదాకా లాగి వరసగా అంకెలు చదువుకుంటూ పోవాలి. విడివిడిగా కొలిస్తే ఒక్కోచోట అర సెంటీమీటరు చొప్పున తప్పు పోగై చివరికి గోడే మారిపోతుంది. ద్వారబంధం మీది చెక్కడానికి ప్రొఫైల్ గేజ్ (వంపుల ఆకారాన్ని పట్టే దువ్వెన లాంటి పరికరం) ఆనించి, ఆ వంపును కాగితం మీదికి దించుకోవాలి. దూలాలూ వాసాలూ కొలవాలంటే నిచ్చెనెక్కి, పెంకుల కింద ఉక్కలో, సెల్‌ఫోన్ లైటు నోట కరుచుకుని, ఒక చేత్తో టేపు పట్టుకుని అంకెలు కింద ఉన్నవాళ్లకు అరిచి చెప్పాలి. కింద రాసుకునే మనిషి ఒక్క అంకె తప్పు విన్నా ఆ పూట పనంతా పాడు.

మొదటి ఇల్లు కొలిచేటప్పుడు నేర్చుకుంటున్నాం అనండి, ఒప్పుకుంటా. రెండో ఇల్లు కూడా సరే. ఆ తర్వాత కొలిచిన ప్రతి ఇల్లూ ఆ ప్రాజెక్టు రిపోర్టుకు కావలసిన పనే. మేం గీసివ్వకపోతే వేరే ఎవరికో డబ్బిచ్చి గీయించుకోవాల్సిన పని.

నిచ్చెన తెచ్చి పట్టుకున్న అతనికి ఆ సాయంత్రమే కూలి ఇచ్చారు. ఇవ్వాలి కూడా. అదే నిచ్చెనెక్కి కొలతలు తీసిన అమ్మాయి మాత్రం తిరుగు బస్సు టికెట్ తన డబ్బుతోనే కొనుక్కుంది. ఆ ఊళ్ల నుంచి వచ్చాక వారాల తరబడి రాత్రిళ్లు కూర్చుని డ్రాయింగులు పూర్తి చేశాం. రిపోర్టు అచ్చయ్యాక తిరగేస్తే ముందుమాటలో "విద్యార్థుల సహకారంతో" అని ఒక ముక్క ఉంది. ఒక్కరి పేరూ లేదు. ఆ అమ్మాయి ఆ పేజీ చూసి ఏమీ అనలేదు, పుస్తకం మూసి బల్ల మీద పెట్టేసింది. నాకిప్పటికీ కోపం చల్లారలేదు.

2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనందరం ఎంత పొంగిపోయాం! ఏ పాత కట్టడాన్ని కాపాడాలన్నా, దాని గురించి ప్రపంచానికి చెప్పాలన్నా ముందు కావలసింది కొలతలు, డ్రాయింగులు, ఫొటోలు. ఎక్కడెక్కడో మూలుగుతున్న వందల మండువా లోగిళ్లు, దేవిడీలు (పాతకాలపు పెద్ద భవంతులు), మెట్ల బావులు రేపు కూలిపోతే మిగిలేవి ఆ కాగితాలే. ఇంత విలువైన పని చేసేవాళ్లకు భోజనం ఖర్చు కూడా లెక్క కట్టకపోతే ఎవరు నిలబడతారు ఈ పనిలో?

"నేర్చుకుంటున్నారు కదా, మళ్లీ డబ్బెందుకు" అనే మాట ఎక్కువగా వింటాను. హౌస్ సర్జన్ కూడా నేర్చుకుంటూనే ఉంటాడు. అయినా స్టైపెండ్ ఉంది. అది నెలల తరబడి ఆగిపోతే జూనియర్ డాక్టర్లు ఆస్పత్రి ముందు టెంట్ వేసుకుని కూర్చుంటారు, పేపర్లో వస్తుంది, ప్రభుత్వం దిగివస్తుంది. పీహెచ్‌డీ చేసే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) కూడా విద్యార్థే. 2023 జనవరి నుంచి ఆ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. గేట్ అర్హతతో పీజీలో చేరినవాళ్లకు ఇచ్చే స్కాలర్‌షిప్ నెలకు 12,400. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నిబంధనల్లో అందుకు బదులుగా వారానికి 8 నుంచి 10 గంటలు బోధన, పరిశోధన పనుల్లో సాయపడాలని రాసి ఉంది. అంటే డబ్బెంతో, గంటలెన్నో రాసిపెట్టే పద్ధతి మన దేశంలో ఇప్పటికే ఉంది. నేనేమీ కొత్తగా కనిపెట్టి అడగడం లేదు.

కానీ ఆ 12,400 ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోయింది. అది కూడా అందరికీ రాదు. రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ ర్యాంకుతో సీటు తెచ్చుకున్నవాళ్లు, స్పాన్సర్డ్ సీట్లలో చేరినవాళ్లు ఫీజు, హాస్టల్, మెస్, డ్రాయింగుల ప్రింట్ల ఖర్చు అంతా ఇంటి నుంచే తెచ్చుకోవాలి. త్రీడీ మోడల్ తెరిస్తే ఆగిపోకుండా నడిచే ల్యాప్‌టాప్ కొనడానికే కొందరి ఇళ్లలో అప్పు చేస్తారు. 2024లో పీఎం ఇంటర్న్‌షిప్ పథకం మొదలుపెట్టినప్పుడు నెలకు 5,000 అన్నారు గానీ, రెగ్యులర్‌గా చదువుకుంటున్నవాళ్లకు వర్తించదన్నారు. కాబట్టి వీళ్లకు మిగిలింది సొంత డిపార్ట్‌మెంటు, సొంత గురువులే.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. డబ్బు ఇవ్వని ఇంటర్న్‌షిప్‌లో ఎవరు చేరగలరు? ఇంటి నుంచి డబ్బు వచ్చేవాళ్లు. నాకు తెలిసిన ఒక కుర్రాడి తండ్రి శ్రీకాకుళం దగ్గర తాపీ మేస్త్రీ. సున్నం గోడను వేలితో గీకి చూసి, ఇందులో ఇసుక వంతు ఎక్కువైంది, అందుకే రాలుతోంది అని ఆ కుర్రాడు చెప్పగలడు. చిన్నప్పటి నుంచి చూసిన పని. పాత కట్టడాల మీద పరిశోధనకు అంతకంటే తగినవాడు ఎవరుంటారు? వాళ్ల మాస్టారు రమ్మని పిలిచారు కూడా. కానీ స్టైపెండ్ లేదన్నారు. ఆ వేసవంతా అతను ఒక ఇంటీరియర్ సంస్థకు త్రీడీ వ్యూలు చేసిపెట్టాడు. టీవీ యూనిట్లు, ఫాల్స్ సీలింగులు. అతని చోట మరొకరు చేరారు, వాళ్లకు మాస్టారి సిఫార్సు లేఖ వచ్చింది, పేపర్లో పేరూ వచ్చింది. వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఈ ఇద్దరి బయోడేటాలు పక్కపక్కన పెడితే ఎవరికి పరిశోధన అనుభవం ఉన్నట్టు కనిపిస్తుంది? పదేళ్ల తర్వాత వాళ్లలో ఎవరు పాఠం చెబుతుంటారు? సున్నం తెలిసినవాడు ఫాల్స్ సీలింగుల దగ్గరే ఉండిపోతే నష్టం అతనొక్కడిదే కాదు.

అమెరికా వెళ్లిన మన పిల్లలకు ఫోన్ చేస్తే పెద్దవాళ్లు మొదట అడిగేది "ఆర్ఏ దొరికిందా?" అనే. అక్కడ ఆర్ఏ, అంటే రీసెర్చ్ అసిస్టెంట్, డబ్బు కట్టి ఇచ్చే ఉద్యోగమని, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి క్యాంపస్‌లో పనిచేయకూడదని మన అమ్మానాన్నలకు కూడా తెలుసు. అదే ఇంట్లో, ఇక్కడ చదివే పిల్ల డబ్బు అడిగితే "గురువుగారిని అడుగుతావా?" అని కసురుతారు. ఈ తేడా నాకు అర్థం కాదు.

అయితే బయట దేశాల్లో అంతా బాగుందనీ అనను. ఆర్కిటెక్చర్‌లో ఊరికే పనిచేయించుకునే జబ్బు ప్రపంచమంతా ఉంది. 2019లో లండన్‌లోని సర్పెంటైన్ గ్యాలరీ పెవిలియన్ కట్టే జపాన్ ఆర్కిటెక్టు ఆఫీసులో జీతం లేని ఇంటర్న్‌ల సంగతి బయటపడి పెద్ద గొడవైంది. తమ పెవిలియన్ మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ డబ్బివ్వాల్సిందేనని గ్యాలరీ తేల్చి చెప్పింది. 2022లో లాస్ ఏంజెలెస్‌లోని సై-ఆర్క్ అనే ఆర్కిటెక్చర్ కాలేజీలో విద్యార్థుల శ్రమ మీద గొడవ రేగి ఇద్దరు అధ్యాపకులను సెలవు మీద పంపారు. ఈ రెండు చోట్లా మార్పు వచ్చింది కుర్రవాళ్లు నోరు తెరిచి మాట్లాడాకే.

ఇప్పుడు మాస్టార్ల వైపు మాట. ప్రైవేటు కాలేజీల్లో చాలామంది అధ్యాపకులకే జీతాలు సరిగ్గా రావని నాకు తెలుసు. గ్రాంటు పైసా లేకుండా సొంత జేబు నుంచి బస్సు ఛార్జీలు పెట్టుకుని ఊళ్లు తిరిగి పాత ఇళ్ల వివరాలు సేకరించేవాళ్లను నేను చూశాను. వాళ్లంటే నాకు గౌరవం. డబ్బు నిజంగా లేనప్పుడు రెండు దారులున్నాయి. పని చిన్నది చేసుకోండి, పది ఇళ్లకు బదులు మూడు ఇళ్లు కొలవండి. లేదా దాన్ని ఎలక్టివ్‌గా పెట్టి క్రెడిట్లు ఇవ్వండి, ఇష్టమున్నవాళ్లే తీసుకుంటారు. జీతమూ లేదు, క్రెడిటూ లేదు, పేరూ లేదు అంటే మాత్రం ఎంత మంచి ప్రాజెక్టయినా నేను ఒప్పుకోను.

డబ్బున్న ప్రాజెక్టుల సంగతి వేరు. మున్సిపాలిటీ నుంచో, టూరిజం శాఖ నుంచో డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక) పని కాలేజీకి వస్తుంది. అందులో సంస్థ వాటా ఉంటుంది, అధ్యాపకుల వాటా ఉంటుంది, ప్రయాణాలకు, ప్రింటింగుకు లెక్క ఉంటుంది. పక్క బిల్డింగులో ఉండే సైన్సు, ఇంజనీరింగ్ వాళ్ల ప్రాజెక్టు ప్రతిపాదనలో మ్యాన్‌పవర్ అని ఒక హెడ్, అంటే పనిచేసేవాళ్లకిచ్చే డబ్బు పద్దు, తప్పకుండా కనిపిస్తుంది. మన వాళ్లు పంపే బడ్జెట్లలో అది లేకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. పిల్లలు ఎలాగూ ఉన్నారులే అన్న ధీమా! ఆ ఒక్క హెడ్ చేరిస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

ఎంత ఇవ్వాలంటే, సెలవుల్లో పూర్తి రోజు పనైతే ఆ ఊళ్లో కొత్తగా చేరిన ఆర్కిటెక్టుకు ఆఫీసులు ఇచ్చే జీతానికి తగ్గకూడదు. సెమిస్టర్ మధ్యలో అయితే గంటల లెక్కన అందులో భాగం. ఊళ్లు తిరిగే ఖర్చు విడిగా. ఇంకో మాట, ఫైనల్ బిల్లు వచ్చాక ఇస్తామనకండి. ప్రభుత్వ శాఖల బిల్లు వచ్చేసరికి ఆ పిల్లవాడు డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోయి ఉంటాడు. సంస్థే ముందు ఇచ్చి, బిల్లు వచ్చాక సర్దుకోవాలి.

సార్ సొంత ఆఫీసు పనిని రీసెర్చ్ అని పేరు పెట్టి స్టూడియోలో (డిజైన్ క్లాసులో) చేయించడం ఇంకా దారుణం. ఎవరిదో అపార్ట్‌మెంట్ మున్సిపల్ డ్రాయింగులు గీయడంలో పరిశోధన ఏముంది? అది చేయని పిల్లలు జ్యూరీ రోజున, అంటే తమ డిజైన్లు చూపించి మార్కులు వేయించుకునే రోజున, మార్కులు ఏమైపోతాయోనని టెన్షన్ పడుతూ కూర్చుంటారు. మార్కులు వేసే చేయి ఊరికే పని అడిగితే ఎవరు కాదనగలరు? అందుకే అడగలేని పిల్లల్ని తప్పు పట్టే ముందు, అడగక్కర్లేకుండా చేయాల్సింది డిపార్ట్‌మెంట్ హెడ్లు.

పిల్లలూ, మీరు చేరేముందు నాలుగు సంగతులు మర్యాదగానే, మెయిల్‌లో అడగండి. స్టైపెండ్ ఎంత, ఏ తేదీకి వస్తుంది. వారానికి ఎన్ని గంటలు. రిపోర్టులో, పేపర్లో నా పేరు ఎక్కడ ఉంటుంది. నేను గీసిన డ్రాయింగులు నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా. ఒక్కరే అడగడానికి భయమైతే నలుగురు కలిసి ఒకే మెయిల్ రాయండి. మంచి గురువులు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

మాస్టార్లలో ఎవరికైనా ప్రతిపాదనలో మ్యాన్‌పవర్ హెడ్ ఎలా రాయాలో, ఫైనాన్స్ సెక్షన్ వాళ్లు అడ్డుపడితే ఏం చెప్పాలో తెలియకపోతే నాకు మెసేజ్ చేయండి. మా ఆఫీసు నుంచి పంపిన బడ్జెట్ల నమూనాలు నా దగ్గర ఉన్నాయి. ఏ ఆదివారమైనా సరే, మీ లెక్కలు ముందేసుకుని కలిసి కూర్చుని రాద్దాం.