నా తదనంతరం కూడా నేనే

అరవై దాటాక నాకు షుగరు వచ్చింది. దాని వెనకే వీలునామా ఆలోచనా వచ్చింది. ఆస్తి అంటే ఊరి చివర 200 గజాల స్థలం, అందులో ఒక రేకుల షెడ్డు, ఒక వేపచెట్టు. కష్టపడి కొన్నది నేను కాబట్టి, సూర్యచంద్రులున్నంత కాలం అక్కడ ఏం జరగాలో చెప్పాల్సిందీ నేనే. ఇందులో అత్యాశ ఏముందో మా ఆవిడే చెప్పాలి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా, జిరాక్స్ షాపు అరుగు మీద కూర్చునే దస్తావేజు లేఖరి దగ్గరికెళ్లి నా సంకల్పం వినిపించాను.

"నా తదనంతరం మా ఆవిడ యావజ్జీవం అనుభవించాలి. అమ్మకూడదు. ఆమె తదనంతరం మా అబ్బాయి యావజ్జీవం అనుభవించాలి. వాడూ అమ్మకూడదు. తర్వాత వాడి పెద్దకొడుకు, ఆ తర్వాత ఆ పెద్దకొడుకు పెద్దకొడుకు, ఇలా ఆచంద్రార్కం. వేపచెట్టు కొట్టకూడదు."

"అబ్బాయికి పెళ్లయిందా సార్?"

"సంబంధాలు చూస్తున్నాం."

ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

పూర్వం ఈ బాధ లేదు. భూమిని ఆచంద్రార్కం ఇచ్చామని రాజులు రాతి మీద చెక్కించేవారు. ఇచ్చిన భూమిని కాజేసినవాడు 60,000 ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని కింద ఒక శ్లోకం వేయించి ఊరుకునేవారు. ఇప్పుడా పురుగు స్థానంలో సివిల్ దావా వచ్చింది. గడువులో పెద్ద తేడా లేదు.

లేఖరి చెప్పిన ప్రకారం, 1925 నాటి భారత వారసత్వ చట్టంలో 113, 114 సెక్షన్లు ప్రత్యేకంగా నాలాంటి వాళ్ల కోసమే పెట్టారు. ఇంకా పుట్టనివాడికి రాస్తే బతికినన్నాళ్లు అనుభవించే ముక్క మాత్రమే రాయడానికి లేదు, మిగిలిన హక్కంతా వాడికే ధారపోయాలి. అదీ ఎంతకాలమంటే అంతకాలం ఆపి ఉంచడానికి లేదు. నేను పోయేనాటికి బతికున్నవాళ్ల జీవితకాలం, ఆ పైన ఒక మైనరుకు 18 నిండేవరకు. అక్కడితో నా పెత్తనం సరి. అమ్మలేని స్థలానికి బ్యాంకు లోను ఇవ్వదు, అనుభవించేవాడు గోడకు సున్నం వేయడు, అందుకే ఈ హద్దు అన్నాడు. బతికున్నవాళ్ల సౌకర్యం గురించి ఇంత ఆలోచించిన చట్టం, పోయినవాళ్ల మనోభావాల గురించి ఒక్క సెక్షన్ కూడా పెట్టకపోవడం శోచనీయం.

"కలకత్తాలో ఠాగూర్ల ఇంట్లోనే కుదర్లేదు సార్, మీ రేకుల షెడ్డుకు కుదురుతుందా?" అన్నాడు. ప్రసన్న కుమార్ ఠాగూర్ గారు, కొడుకు క్రైస్తవంలో చేరాడని అతనికి చిల్లిగవ్వ దక్కకుండా, తరతరాలకూ మగ సంతానం వరుసలోనే ఆస్తి నడిచేలా వీలునామా రాశారు. 1872లో ప్రీవీ కౌన్సిల్, అంటే అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు వినే లండన్ కోర్టు, ఆ వరుసను కొట్టేసింది. ఆ వరుసలో మొదట రాసిన వ్యక్తి జీవితకాలం అయ్యాక ఆస్తి ఎవరికి చేరాలని తేలిందంటే, ఎవరికి చేరకూడదని అదంతా రాశారో ఆ కొడుక్కే!

సరే, పుట్టనివాళ్ల సంగతి వదిలేద్దాం. ఉన్న మా ఆవిడనైనా కట్టడి చేయొచ్చు కదా అంటే, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని "తులసమ్మ కేసు" అన్నాడు. మన తెలుగు నేల కేసే. ఆమె భర్త 1931లో పోయాడు. మనోవర్తి కోసం కోర్టుకెళితే 1949లో భర్త సోదరుడితో రాజీ కుదిరింది. బతికినన్నాళ్లు అనుభవించు, అమ్మకు అని. ఆమె కొంత అమ్మింది, కొంత కౌలుకిచ్చింది. 1977లో సుప్రీంకోర్టు, ఆ భూమి మనోవర్తి హక్కుకు బదులుగా వచ్చింది కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం 14(1) కింద అది ఆమె సొంతమని తేల్చేసింది. వీలునామాతో ఇచ్చిన జీవితకాల హక్కుకు ఇది ఎప్పుడు వర్తిస్తుందో తీర్పులు ఒకేలా లేవని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే విషయాన్ని పెద్ద ధర్మాసనానికి పంపింది. అంటే మా ఆవిడ భవిష్యత్తు కూడా పెండింగే.

ఇక అబ్బాయి. నేను పోయాక, తల్లి తదనంతరం వాడికి వచ్చే హక్కు ఆమె ఉండగానే వాడికి దఖలు పడుతుందట. స్వాధీనం మాత్రం ఆమె పోయాకే. అప్పుడు వాడు "అమ్మా, బీపీ చూపించుకున్నావా?" అని అడిగినప్పుడల్లా ఆ ప్రశ్నకు రెండర్థాలుంటాయి.

"మరి నేనుండగా వాడికేముంటుంది?"

"ఆశ సార్. వారసత్వం వస్తుందన్న ఆశను అమ్మడానికి లేదు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 6(ఎ)."

ఈ సెక్షన్ పెళ్లిళ్ల పేరయ్యల దాకా చేరినట్టు లేదు. "ఒక్కడే కొడుకండీ, తల్లిదండ్రుల తర్వాత అంతా అబ్బాయిదే" అని వాళ్లు రోజూ బేరం పెడుతున్న సరుకు ఇదేగా! 1882 నుంచీ నిషిద్ధమైన సరుకు ఇంత బహిరంగంగా మరెక్కడా చేతులు మారదు.

చివరికి "దాన విక్రయాది సకల హక్కులతో నా భార్యకు" అని ఒక్క వాక్యం రాయించుకున్నాను. వేపచెట్టు గురించి రాయమంటే ఆయన రాయలేదు.

"ఫీజు రెండు వేలు సార్."

"నా తదనంతరం మా అబ్బాయి ఇస్తాడు," అన్నాను.

"అది 6(ఎ) సార్," అని ఆయన చెయ్యి చాపాడు.