ఏమీ లేని పెట్టె కావలెను

కావలెను: ఒక పెట్టె. వెడల్పు 14 అంగుళాలు, ఎత్తు 20, లోతు 4. తలుపు ఒకటి, అరలు మూడు, రంగు తెలుపు. దాని మీద పువ్వు ఉండరాదు, హంస ఉండరాదు. దీపం వెలగరాదు. అది పాడరాదు, మాట్లాడరాదు. విజయనగరం పట్టణంలో గాని, చుట్టుపక్కల గాని ఇటువంటి పెట్టె ఎవరి దగ్గరైనా ఉంటే తెలియజేయగలరు.

ఈ ప్రకటన రాసి జేబులో పెట్టుకుని మూడు నెలలైంది. దేశంలో ఇంతకంటే పెద్ద సమస్యలు లేవా అని అడిగేవారుంటారు. ఉన్నాయి. వాటి మీద రాసేవారూ ఉన్నారు. బాత్రూములో మందుల పెట్టె గురించి రాసేవాడే కరువయ్యాడు కనుక ఆ బాధ్యత నా నెత్తిన పడింది.

మా బాత్రూము 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. కమోడ్‌కు, వాష్‌బేసిన్‌కు, బకెట్టుకు, గీజరుకు ఎవరి వాటా వారికి పంచగా మిగిలిన జాగాలో మనిషి నిలబడవచ్చు. అటు ఇటు తిరగాలంటే మాత్రం ముందే ఆలోచించుకోవాలి. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. బేసిన్ అంచు మీద నాలుగు బ్రష్షులు, రెండు రకాల పేస్టు, గడ్డం గీసుకునే సామాను, కొబ్బరినూనె సీసా, సున్నిపిండి డబ్బా ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. ఒకదాన్ని కదిపితే మరొకటి బకెట్టులో పడుతుంది. బకెట్టులో పడితే అదృష్టం.

ఇన్నేళ్లూ ఈ ఏర్పాటు మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. శ్రావణమాసంలో ఒక రాత్రి మా చిన్నవాడికి జ్వరం రావడంతో కథ మొదలైంది. మా ఇంట్లో మందులు ఫ్రిజ్ మీద, పలాస జీడిపప్పు డబ్బాలో ఉంటాయి. ఆ డబ్బా ఒక పెళ్లిలో వచ్చింది. జీడిపప్పు వారంలో అయిపోయింది, డబ్బా మాత్రం తొమ్మిదేళ్లుగా ఉద్యోగం చేస్తోంది. థర్మామీటరు కోసం అర్ధరాత్రి దాన్ని మంచం మీద బోర్లించాను.

ముందుగా రాలినవి మాత్రల అట్టల ముక్కలు. మందుల షాపులో నాలుగు మాత్రలు అడిగితే కత్తెరతో కత్తిరించి ఇస్తారు కదా, గడువు తేదీ ఉన్న ముక్క ఎప్పుడూ షాపులోనే మిగిలిపోతుంది. మాత్ర మనకు, తేదీ వాళ్లకు. ఆ వెనక కళ్లకలక నాటి చుక్కల మందు. మూత తీసిన నాలుగు వారాలకు పారేయాలని దాని మీదే రాసి ఉంది, మా ఇంట్లో అది నాలుగు దీపావళులు చూసింది. మూత బిగుసుకుపోయి సీసాతో ఏకమైన దగ్గు మందు ఒకటి. అయిదు రోజులు వాడమన్న యాంటీబయాటిక్, మూడో రోజుకే నయమైపోవడంతో మిగిలిన గొట్టం మాత్రలు నాలుగు. వాటి అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంది. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని ఆ గీతకు అర్థం. మా అమ్మ లెక్కలో దాని అర్థం ‘గట్టి మందు’ అని. అందుకే జాగ్రత్త చేసింది. ఒక చిన్న పొట్లంలో అర మాత్ర కూడా దొరికింది. అది ఎవరి అరో, ఎందులో అరో ఇంటిల్లిపాదిలో ఎవరికీ గుర్తు లేదు. అయినా పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

థర్మామీటరు మాత్రం లేదు. అది పూజగదిలో, అగరవత్తుల గొట్టంలో దొరికింది. విరిగిపోకుండా అమ్మే అందులో పెట్టిందట.

“రేపటికి ఒక మంచి పెట్టె రావాలండి” అంది మా ఆవిడ. “బాత్రూములో, అద్దం ఉన్న చోట. సింపుల్‌గా, మోడర్న్‌గా.”

సరేనన్నాను. ఆ రెండు మాటలూ ఎంత ఖరీదైనవో అప్పటికి తెలియదు.

మొదట గంటస్తంభం దగ్గర ప్లాస్టిక్ సామాను కొట్టుకు వెళ్లాను. ఆయన గులాబీ రంగు పెట్టె దించాడు. తలుపు మీద అద్దం, అద్దం మీద ముక్కులు ఆనించుకున్న రెండు హంసలు.

“సింపుల్‌గా కావాలండి.”

“ఇదే సింపుల్ బాబూ.”

“మరి ఈ హంసలు?”

“రెండే కదండీ!”

రింగురోడ్డు వైపున్న ఒక శానిటరీ దుకాణంలో మోడర్న్ సంగతి తేలింది. అక్కడి అద్దం వేలు తాకిస్తే తెల్లగా వెలిగింది, మళ్లీ తాకిస్తే పసుపుగా, మళ్లీ తాకిస్తే ఆ రెండింటికీ మధ్య రంగులో వెలిగింది. ఆవిరి పట్టదు. టైము చూపిస్తుంది, ఎండ ఎంతుందో చెబుతుంది, బ్లూటూత్ కలిపితే పాటలు పాడుతుంది. ఫోను వస్తే అద్దంతోనే మాట్లాడవచ్చట. ఒంటి నిండా సబ్బుతో నిలబడి మా మేనేజరుతో మాట్లాడుతున్న నన్ను నేనే అందులో చూసుకోవడం ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఊహించుకున్నాను. అయినా 1885లోనే ఊరంతటికీ కలిపి గంటస్తంభం కట్టుకున్నవాళ్లం, స్నానం మధ్యలో వేరే టైము దేనికి? అన్నీ విన్నాక ఒక్కటే అడిగాను, “మందులు ఎక్కడ పెట్టాలి?”

“మందులకు చోటు లేదండి. వెనకంతా వైరింగే.”

మూడో దుకాణం స్టీలుది. పెట్టె బాగానే ఉంది, తలుపు మీద ద్రాక్షగుత్తి ఒక్కటే అచ్చువేశారు. తుప్పు పట్టదు కదా అంటే యజమాని సొరుగులోంచి అయస్కాంతం తీసి పెట్టెకు ఆనించాడు. అంటుకోలేదు. “చూశారా, అసలైన 304” అన్నాడు, నిండు సభలో విల్లు విరిచినవాడిలా. 304 అంటే తుప్పును బాగా ఆపే మేలురకం స్టీలు. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపే చవకరకం 202కి కూడా మామూలుగా అయస్కాంతం అంటుకోదు. ఆ రెంటినీ విడదీసేది అయస్కాంతం కాదు, మా బాత్రూములో నాలుగు వానాకాలాలు. ఈ మాట అక్కడ అనలేకపోయాను. అప్పటికే ఆయన టీ తెప్పించాడు.

ఇక చేయించడమే మార్గమనుకుని వడ్రంగి మేస్త్రిని పిలిపించాను. ఆయన కొలతలు తీసి, ఐ.ఎస్. 710 మెరైన్ ప్లైవుడ్ వేద్దామన్నాడు, పడవలకు వాడే రకం. మా బాత్రూములో పడవ నడిపే ఉద్దేశం లేదన్నాను. “వానాకాలం రానివ్వండి” అన్నాడు. తలుపు మీద తామరపువ్వు చెక్కి ఇస్తే 2,500, బోడిగా ఉంచితే 4,000 చెప్పాడు. తిరగేసి చెప్పాడేమోనని మళ్లీ అడిగాను. తిరగేయలేదు.

“పువ్వు ఉంటే చూపు పువ్వు మీదికి పోతుంది బాబుగారూ. బోడి తలుపైతే వెంట్రుకవాసి వంకర ఉన్నా పట్టేస్తారు. దానికి రెండు రోజులు ఎక్కువ పని. పైగా చూసినవాళ్లు మేస్త్రికి పని రాదంటారు.”

ఈ మూడు నెలల్లో నేను విన్న నిజాయితీ గల మాట అదొక్కటే. తప్పు నాదే. ఒకే పనసదుంగను తొలిచి వీణ తీసే పనివాళ్లు బొబ్బిలి దగ్గర ఉన్న జిల్లా ఇది. ఇక్కడ కూర్చుని నున్నటి పెట్టె చేయమనడం సంగీత కళాశాలకు వెళ్లి కాసేపు ఊరికే కూర్చోండి అని విద్వాంసులను బతిమాలుకోవడమే. మరో సంగతి చూడండి. ఏటా విజయదశమి వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. పూజారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మానే సిరిమాను. ఏ ఊళ్లో ఏ చింతచెట్టు సిరిమాను కావాలో అమ్మవారు పూజారి కలలో కనబడి చెబుతుందంటారు. అంత పొడవు మాను చెప్పిన చోట దొరుకుతుంది, ఊరేగి వస్తుంది, లక్షల జనం మధ్య ఆకాశంలోకి లేస్తుంది. ఇరవై అంగుళాల పెట్టె విషయంలో మాత్రం నా కలలోకి ఎవరూ రాలేదు.

తాపీ మేస్త్రిని పిలిచింది మా అమ్మ. “పెట్టె ఎందుకురా, గోడలో గూడు పెట్టించుకుంటే పోలా?” అంది.

చీపురుపల్లి వైపు మా తాతగారి ఊళ్లో మట్టిగోడలు మూర మందం ఉండేవి. ప్రతి గదిలో ఒక గూడు. వీధిగది గూట్లో కిరసనాయిలు దీపం, పైన దాని మసి, కింద వసకొమ్ము, శొంఠి ముక్క, అమృతాంజనం సీసా. అమృతాంజనం 1893లో పుట్టిందని చెబుతారు, ఆ సీసా అంతకంటే పాతదిగా కనబడేది. ఇప్పుడు అమెరికావాళ్లు గోడలోకి దిగిపోయే మందుల బీరువాను ఆధునిక జీవనశైలి అంటూ అమ్ముతున్నారు. వాళ్ల గోడలు చెక్క చట్రాలు, 16 అంగుళాలకొక నిలువు. ఆ సందులో సరిపోయేలా పెట్టెను 14 అంగుళాలకు చేస్తారు. పాత ఇళ్లలో ఆ పెట్టె వెనక సన్నని చీలిక కూడా ఉండేది. జిల్లెట్ గారి రేజరుకు 1904లో పేటెంటు వచ్చాక వాడి పారేసే బ్లేడ్లు ఇంటింటికీ చేరాయి. అరిగిపోయిన బ్లేడును ఆ చీలికలో వేస్తే గోడ లోపల పడిపోయేది. అంతే, దానికి ఖాళీ చేసే దారి లేదు. యాభై ఏళ్ల తరువాత ఎవరో గోడ పగలగొడితే వందల కొద్దీ తుప్పు బ్లేడ్లు కాళ్ల మీద పడతాయి. పారేయడం చేతగాని జాతి మనమొక్కరమే అనుకుని ఇన్నాళ్లూ సిగ్గుపడ్డాను. వాళ్లకు గోడ ఉంది, మనకు జీడిపప్పు డబ్బా ఉంది, తేడా అంతే.

తాపీ మేస్త్రి గోడను వేళ్లతో తట్టి చూశాడు. “ఇది సగం ఇటుక గోడ బాబూ, నాలుగున్నర అంగుళాలు. మీకు లోతు నాలుగు కావాలంటున్నారు. తొలిస్తే మిగిలేది అవతలి సున్నం.”

“అవతల ఏముంది?”

“మీ వంటిల్లు. ఇంకాస్త తొలిస్తే పోపులపెట్టె అందుతుంది.”

మా అమ్మ ముఖంలో ఒక వెలుగు వచ్చింది. వామూ, ఇంగువా, శొంఠీ, పసుపూ ఉన్న పోపులపెట్టె కంటే వేరే మందుల పెట్టె ఎందుకన్నది ఆవిడ మొదటినుంచీ చేస్తున్న వాదన. ఇక గోడ టైల్సుకు రంధ్రాలు వేసి పెట్టె తగిలిద్దామంటే, లోపల నీటి గొట్టం ఏ దారిన పోయిందో తెలిసినవాడు ఆ పని చేసిన ప్లంబరు ఒక్కడే. అతను రెండేళ్ల క్రితమే చెన్నై వలస వెళ్లాడు. ఫోనులో అడిగితే, “ఎడమ వైపు అనుకుంటానండి, కుడి అయినా కావచ్చు” అన్నాడు.

ఇంతలో మా ఆవిడ ఆ రాత్రి మంచం మీద రాలిన అట్టలన్నీ ముందు వేసుకుని, భూతద్దంతో చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. ఒక్కొక్కదాని మీదా ఒకే మాట: 30 డిగ్రీలు మించని చోట, తేమ తగలకుండా, వెలుతురుకు దూరంగా ఉంచవలెను. గీజరు వేసి ఇద్దరు స్నానం చేశాక మా బాత్రూము ఇడ్లీపాత్రతో సమానం. ఆస్పిరిన్ లాంటిది ఆ తేమలో విడిపోయి పుల్లటి వాసన కొడుతుంది. అంటే మందుల పెట్టెను ఇంట్లో ఎక్కడైనా పెట్టవచ్చు, బాత్రూములో తప్ప. మే నెలలో విజయనగరంలో 30 డిగ్రీలు దాటని చోటు ఫ్రిజ్ ఒక్కటే, అందులో ఇప్పటికే ఇడ్లీపిండి ఉంది అని నేనన్నాను. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

మామగారు ఫోను చేశారు. “మందులు ఈశాన్యంలో ఉండాలి అల్లుడుగారూ. బాత్రూము ఈశాన్యంలో ఉండకూడదు. కనుక బాత్రూములో మందులు ఉండనే కూడదు.” మందుల కంపెనీలు పరిశోధనశాలల్లో తేల్చిన సంగతిని ఆయన పడక్కుర్చీలోంచి రెండు వాక్యాల్లో తేల్చేశారు. నాకు బదులు తోచలేదు.

పెట్టె చివరకు దొరికింది. ఆసుపత్రి సామాను అమ్మే ఒక చిన్న కొట్టులో, మంచాల వెనక, దుమ్ములో. తెల్లటి ఇనప పెట్టె, అరలు మూడు. తలుపు మీద ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. కళ్లు నులుముకుని చూశాను.

“అది డిఫెక్టు పీసండీ” అన్నాడు కొట్టు యజమాని నొచ్చుకుంటూ. “మీద ప్లస్ గుర్తు వేయడం మరిచిపోయారు. రెండేళ్లుగా ఎవరూ కొనలేదు. వంద తగ్గించి ఇస్తాను, మరోలా అనుకోకండి.”

అనుకోనన్నాను. డబ్బులిచ్చి చిల్లర కోసం నిలబడ్డాను. పాత వార్తాపత్రికలో పెట్టెను చుడుతూ ఆయన లోపలికి వెళ్లి వచ్చాడు. ఇంటికి తెచ్చి కాగితం విప్పితే తలుపు నడిమధ్య అరచేయంత ఎర్రగులాబీ స్టిక్కరు. బోసిగా ఉందని ఉచితంగా అంటించాడు. ఆదివారమంతా కొబ్బరినూనె రాసి గోకాను. గులాబీ పోయింది, దాని జిగురు పోలేదు. రోజూ పడే దుమ్ము సరిగ్గా ఆ ఆకారంలోనే అంటుకుని, వారానికి ఒకసారి పువ్వు మళ్లీ పూస్తోంది.

ఇప్పుడు పెట్టె ఫ్రిజ్ పక్కన చిన్న బల్ల మీద ఉంది. ఈశాన్యమే. పై అరలో కరెంటు బిల్లులు, నడిమి అరలో పాత ఛార్జర్లు, కింది అరలో తాళంచెవులు. మందులు వేటికవి సర్దుదామని మా ఆవిడ జీడిపప్పు డబ్బాను దాని పైన పెట్టింది. అది అక్కడే ఉంది. ఎత్తు సరిగ్గా సరిపోయిందని, ఇదివరకటిలా చెయ్యి చాచి ఫ్రిజ్ మీద తడుముకోనక్కర లేదని మా అమ్మ చాలా మెచ్చుకుంది. థర్మామీటరు అగరవత్తుల గొట్టంలోనే ఉంది.