'సుమారు' గారికి బహిరంగ లేఖ

పూజ్యులైన సుమారు గారికి,

వరంగల్ నుంచి మీ పాత అభిమాని నమస్కారాలు. సముద్రం చూడాలంటే మేం రాత్రి రైలెక్కి బాపట్ల దాకా పోవాలి. అయినా ఈ ఉత్తరం సముద్రం గురించే.

మొన్న మా ఊరి చెరువులో చేపపిల్లలు వదిలారు. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ కవర్లలో తెచ్చారు. ఒక కవరు కోసి, చిన్న జాలి గిన్నెతో ముంచి, ఆ గిన్నెలో ఉన్నవాటిని లెక్కపెట్టారు. మిగతా అన్నిటికీ అదే హెచ్చవేత. నాలుగు పిల్లలు ఎగిరి కట్ట మీద పడ్డాయి, అవీ లెక్కలోనే. "ఎన్నుంటయే మామా?" అంటే "సుమారు లచ్చ" అన్నాడు. మోకాలి లోతు నీళ్లలో కూడా మిమ్మల్ని వదల్లేదు, ఎంత గౌరవం!

సముద్రంలో దిగేసరికి మాత్రం మీరు మాయం. మన దేశపు సముద్ర ఆర్థిక మండలం, అంటే చేపలు పట్టుకునే హక్కు మనకే ఉన్న సముద్ర భాగం, 20 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. అందులో ఏటా పట్టుకోగల చేప ఎంతో 2018లో తేల్చారు: 53.1 లక్షల టన్నులు. చుక్క తర్వాత ఆ ఒకటి చూసి నాకు మీ మీద బెంగ పట్టుకుంది. శాస్త్రవేత్తల కాగితాల్లో మీరు ఉంటారు. ఆ కాగితం మీటింగ్‌లో స్లైడ్ అయ్యేలోపు మిమ్మల్ని దారిలో దింపేస్తారు.

కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేప సంగతి మీకు తెలిసిందే. ట్రాలర్ల వలలు నిండుతున్నాయి కదా, చేపకేం కొదవ అనుకున్నారు. మిగిలినవన్నీ ఒకచోట గుమిగూడాయి కాబట్టే వల నిండుతోందని ఆలస్యంగా తెలిసింది. 1992లో వేట ఆపారు, రెండేళ్లే అన్నారు. వాణిజ్య వేట మళ్లీ మొదలైంది 2024లో. ఆ 'రెండేళ్ల' ముందు మిమ్మల్ని కూర్చోబెడితే ఎంత మర్యాదగా ఉండేది!

మా పాకాల చెరువు కట్టిన కాకతీయుల దగ్గర ఉపగ్రహాల్లేవు. వాన ఎంత పడుతుందో తెలియదని ఒప్పుకొని మత్తడి, అంటే ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే దారి, పెట్టారు. (తర్వాత చెరువు శిఖాల్లో, అంటే నీళ్లు నిలిచే భూముల్లో, ప్లాట్లు కోసినవాళ్లకు అంతా కచ్చితంగా తెలుసు. 2020 ఆగస్టులో మా కాలనీల్లో పడవలు తిరిగాయి.) తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపడం కూడా అలాంటి మత్తడే. హార్బర్ల ఫైళ్లకు, సముద్రగర్భ గనుల ఫైళ్లకు మత్తడి ఎవరు పెడతారు?

అందుకే కాస్త కట్ట దిగి తీరం వైపు కదలండి. రైలు వరంగల్‌కు రాత్రి పదకొండింటికి. సుమారు.

ఇట్లు,
చెరువు నీళ్ల మనిషి