నేర్పేచోటే దొంగసరకు

వేలకు వేలు ఫీజు కట్టి కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో చేరిన విద్యార్థికి చాలాచోట్ల మొదటిరోజే ఒక పెన్‌డ్రైవ్ చేతికిస్తున్నారు. అందులో డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం విరగ్గొట్టిన సాఫ్ట్‌వేర్, పక్కనే దాన్ని ఎక్కించే పద్ధతి చెప్పే చిన్న ఫైలు. తెరిస్తే మొదటి వాక్యం: 'ముందు యాంటీవైరస్ ఆపేయండి'. కాపలావాణ్ని పక్కకు తప్పించి, ముక్కూమొహం తెలియనివాడి ప్రోగ్రాముకు తలుపు తీయడమే తొలి పాఠమన్నమాట.

ధరలు ఎక్కువన్న మాట నిజమే, నెలనెలా చందా, కంప్యూటర్‌పై అక్షరాలు కూర్చే చిన్న డీటీపీ దుకాణానికి భారమే. అంతమాత్రాన దొంగతనం హక్కయిపోదు. అర్హతగల విద్యాసంస్థల విద్యార్థులకు ఇళ్లు, యంత్రాల నమూనాలు గీసే ఆటోక్యాడ్‌ను తయారీ సంస్థే ఉచితంగా ఇస్తోంది. ఆఫీసు పనులకు లిబ్రేఆఫీస్, ఫొటోలు దిద్దడానికి గింప్, బొమ్మలు గీయడానికి ఇంక్‌స్కేప్ ఎవరికైనా ఉచితమే. వాటిని నేర్పే ఓపిక లేనివారికి ధరల గురించి మాట్లాడే అర్హత లేదు.

మమ్మల్ని దహిస్తున్నది ఈ ద్వంద్వనీతి. సాఫ్ట్‌వేర్ జీతాలతో ఇళ్లు కట్టుకున్న సమాజం మనది. మన పిల్లలు రాసిన కోడ్‌కు ఒకటో తారీఖున జీతం పడాలి, పరాయివారు రాసింది మాత్రం ఊరకే రావాలి! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

'పెద్ద కంపెనీకి పోయేదేముంది' అంటారు. మరి తెలుగు ఫాంట్ల సంగతేమిటి? తలకట్టు, గుడి, కొమ్ము ఒక్కొక్కటీ గీసి, 'స్త్రీ'లో రెండు ఒత్తులూ ఒకదానిమీద ఒకటి పడకుండా కూర్చడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. వారు అమ్మకానికి పెట్టిన ఫాంట్లూ దుకాణం నుంచి దుకాణానికి పెన్‌డ్రైవ్‌లలోనే తిరుగుతున్నాయి. ఇక్కడ నష్టపోయేది పెద్ద కంపెనీ కాదు, మన భాష కోసం చేతులు కాయలు కాచేలా పనిచేసినవారు. అక్షరం మీద బతికే ముద్రణ రంగానికి ఇంతకన్నా సిగ్గుచేటు లేదు. అవే చేతులు సినిమా పైరసీకి వ్యతిరేకంగా కరపత్రాలు అచ్చువేస్తాయి.

అక్రమ ప్రతి అని తెలిసీ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా అని కాపీరైటు చట్టం 63బి సెక్షన్ చెబుతోంది. లాభాపేక్ష లేకపోతే జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు కోర్టుకు ఉంది. ఫీజు పుచ్చుకుని నేర్పేవారు ఆ చాటున దాక్కోలేరు.

రేపు ఇదే విద్యార్థి ఉద్యోగంలో చేరి, కంపెనీ కోడ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని బయటకు నడిస్తే, ఆ విద్య నేర్పిందెవరు? శిక్షణ కేంద్రాల యజమానులు ముందు ఆ పెన్‌డ్రైవ్‌లు పంచడం మానాలి. ఫీజు అడగడం ఆ తరువాత.