తనిఖీకి కళాశాలది, విద్యార్థికి విభాగానిదా?

నెల్లూరైనా ఒంగోలైనా వైద్య విద్యార్థి మొర ఒకటే. పుస్తకం ఉంది, దొరకదు. కేంద్ర గ్రంథాలయంలో అడిగితే విభాగానికి ఇచ్చేశామంటారు. విభాగానికి వెళితే బీరువా తాళం మేడమ్ దగ్గరుంది, రేపు రమ్మంటారు. తనిఖీ బృందం వచ్చిన రోజు మాత్రం అదే బీరువా బార్లా తెరుచుకుంటుంది. లెక్క చూపడానికి కళాశాల ఆస్తి, చదువుకోవడానికి విభాగం సొత్తు! ఇదెక్కడి న్యాయం?

లేబర్ రూం దగ్గర, పెథాలజీ ల్యాబులో పుస్తకం చేతికందేలా ఉండాలన్న విభాగాల వాదన సబబే. పుస్తకాలను అక్కడే ఉండనివ్వండి. అవి కేటలాగులో కనిపించకపోవడమే మా అభ్యంతరం.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. విభాగం నిధులతో కొన్నా, రిటైరైన ప్రొఫెసర్ దానమిచ్చినా, ప్రతి పుస్తకానికీ కేంద్ర గ్రంథాలయమే ఒకే వరుసలో యాక్సెషన్ నంబరు (రిజిస్టరులో పుస్తకం గుర్తింపు సంఖ్య) వేయాలి. ఉచితంగా దొరికే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కోహాలో ప్రతి కాపీ ఎక్కడుందో నమోదు చేసే గడి ఉంది. అందులో విభాగం పేరు ఎక్కిస్తే చాలు. అది వదిలేసి విభాగాధిపతి పేరిట మొత్తం ఇష్యూ చేసి చేతులు దులుపుకుంటున్నారు. ఆయన బదిలీ అయినప్పుడు నో డ్యూ (పుస్తకాల బాకీ లేదన్న పత్రం) కోసం వెతుకులాట మొదలవుతుంది. లెక్క తేలని పుస్తకాలకు కొత్తగా వచ్చినవారు చార్జి తీసుకోరు. బీరువాకు తాళం పడుతుంది. లోపల ఫార్మకాలజీ పాత ఎడిషన్లు, మారిపోయిన డోసులతో సహా, అలాగే ఉండిపోతాయి.

పుస్తకం పోతే జీతంలో కోస్తారన్న భయమే ఈ తాళాలకు మూలం. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు (2017) దీనికి దారి చూపాయి. ఏడాదిలో పాఠకుల చేతికి వెళ్లిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోవడాన్ని, నిర్లక్ష్యం, మోసం లేకుంటే, సహజ నష్టంగానే చూడవచ్చని 215వ నిబంధన చెబుతోంది. అయితే రూ.1,000 దాటినది పోతే విచారణ తప్పదు. వైద్య గ్రంథాలు చాలావరకు ఆ ధర దాటినవే. కాబట్టి అలాంటివాటిని విభాగంలోనే చదివించి, మిగతావి మూడు రోజులకు ఇంటికివ్వాలి. ఇవ్వడానికీ తీసుకోవడానికీ ఒక ఉద్యోగిని పేరు పెట్టి నియమించాలి.

‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ వచ్చింది కదా అని సరిపెట్టుకుంటే కుదరదు. 2025 జనవరిలో మొదలైన ఆ పథకం ప్రభుత్వ సంస్థలకు అందించేది జర్నల్స్‌ను, అంటే పరిశోధన పత్రికలను. బీరువాలోని పుస్తకం దానితో బయటికి రాదు.

తనిఖీ బృందం కోసం తీసిన తాళం మర్నాడు విద్యార్థికి తీయలేరా? తీయలేమంటే ఆ పుస్తకాలను తనిఖీ లెక్కల్లో చూపే హక్కు కూడా మీకు లేదు.