సూక్ష్మజీవుల సాక్ష్యానికి తొందర వద్దు

ఊరి చివర తుప్పల్లోనో, కాలవ గట్టునో వారం పది రోజుల తర్వాత దొరికే మృతదేహం దర్యాప్తు అధికారికి పెద్ద పరీక్ష. చనిపోయిన తొలి ఒకటి రెండు రోజుల్లో అయితే శరీరంలో మిగిలిన వేడి, కండరాల బిగువు, శరీరం కింది భాగంలో పేరుకున్న రక్తం చూసి డాక్టర్లు మరణ సమయాన్ని అంచనా కట్టగలరు. ఆ తర్వాత ఈ గుర్తులు పనికిరావు. శవం మీద చేరిన పురుగుల వయసు లెక్కగట్టాలి, లేదంటే పోస్ట్‌మార్టం రిపోర్టులో ఉజ్జాయింపుగా ఒక మాట రాసి ఊరుకోవాలి. మరణ సమయం తేలకపోతే సెల్‌ఫోన్ టవర్ వివరాలకూ, సీసీ కెమెరా దృశ్యాలకూ విలువ తగ్గిపోతుంది. ఆ వేళకు నేను వేరే ఊళ్లో ఉన్నానని హంతకుడు సులువుగా అనేస్తాడు. నిజంగానే వేరే ఊళ్లో ఉన్న అమాయకుడు మాత్రం ఆ మాట రుజువు చేసుకోలేక నలిగిపోతాడు.

ఈ లోటును సూక్ష్మజీవులతో కొంత పూడ్చవచ్చని అమెరికా పరిశోధకులు పదేళ్లకు పైగా చెబుతున్నారు. 2013లో ఎలుకల కళేబరాలను 48 రోజుల పాటు గమనించి, వాటి మీద మారుతూ వచ్చిన బ్యాక్టీరియాను బట్టి మరణ సమయాన్ని సుమారు మూడు రోజుల తేడాతో చెప్పగలిగారు. 2024లో ఇదే పనిని మనుషుల మీద పెద్ద ఎత్తున చేశారు. సైన్సు కోసం దానమిచ్చిన 36 భౌతికకాయాలను టెన్నెసీ, టెక్సస్, కొలరాడో రాష్ట్రాల్లోని పరిశోధన కేంద్రాల్లో ఆరుబయట ఉంచి, మూడు వారాలు రోజూ నమూనాలు తీశారు. చోటు మారినా, రుతువు మారినా, శవాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా, శిలీంధ్రాల బృందం దాదాపు ఒక్కటేనని తేలింది. బయట నేలలో అరుదుగా కనిపించే ఆ జీవులు శవం మీద ఒక వరుసలో విజృంభిస్తాయి. వాటిలో కొన్నింటిని మోసుకొచ్చేది పురుగులే కావచ్చు. ఆ వరుసను కంప్యూటర్ చదివి, మరణించి ఎన్ని రోజులైందో చెబుతుంది. ఇది గట్టి పని, మన దర్యాప్తు సంస్థలు శ్రద్ధగా చూడాల్సిన పని.

చిక్కంతా వ్యక్తిని గుర్తించే దగ్గర వస్తోంది. మనిషి అరచేతిలో సగటున 150 రకాల బ్యాక్టీరియా ఉంటుందని, ఏ ఇద్దరి చేతులను పోల్చినా వాటిలో 13 శాతమే ఉమ్మడిగా ఉంటాయని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో చూపారు. 2010లో వాళ్లే కీబోర్డు మీటల మీదా, కంప్యూటర్ మౌస్‌ల మీదా మిగిలిన బ్యాక్టీరియాను బట్టి వాటిని వాడింది ఎవరో పోల్చారు. అప్పుడు చూసిన కీబోర్డులు మూడు, మౌస్‌లు తొమ్మిది. ప్రయోగశాలలో ఒక ఆలోచనను పరీక్షించడానికి ఆ సంఖ్య చాలు. ఒక మనిషిని జైలుకు పంపడానికి చాలదు.

డీఎన్‌ఏ పుట్టుక నుంచి చావు దాకా మారదు. మన మీది సూక్ష్మజీవులు అలా ఉండవు. ఒక యాంటీబయాటిక్ కోర్సు, ఆహారంలో మార్పు, ఊరి మార్పు చాలు, వాటి లెక్క తారుమారు కావడానికి. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో పేగుల్లోని సూక్ష్మజీవులతో 80 శాతానికి పైగా మనుషులను ఏడాది తర్వాత కూడా గుర్తుపట్టగలిగారు. చర్మం వంటి ఇతర భాగాల నమూనాలతో అయితే ఆ సంఖ్య మూడింట ఒక వంతు దగ్గరే ఆగింది. నేరస్థలంలో ఎక్కువగా దొరికేవి చర్మం తాలూకు జాడలే. పైగా ఒకే ఇంట్లో ఉండేవాళ్లు ఒకరి సూక్ష్మజీవులను ఒకరు పంచుకుంటారని అమెరికాలో ఏడు కుటుంబాల మీద జరిగిన పరిశీలన 2014లోనే చెప్పింది. ఉమ్మడి కుటుంబాలూ, ఒక గదిలో ఆరుగురు సర్దుకునే హాస్టళ్లూ ఉన్న మన దగ్గర ఆ పంపకం ఇంకెంత ఉంటుందో ఎవరైనా ఊహించవచ్చు.

అత్యాచార కేసుల్లో బాధితుల వైపు నుంచి చూస్తే ఈ పరిజ్ఞానం మీద ఆశ పెట్టుకోవడం సహజం. ఆస్ట్రేలియాలోని మర్డోక్ విశ్వవిద్యాలయం 2025లో 12 జంటల మీద చేసిన అధ్యయనంలో, లైంగిక చర్యలో ఒకరి బ్యాక్టీరియా మరొకరికి చేరుతుందని, కండోమ్ వాడినా కొంత జాడ మిగులుతుందని తేలింది. వీర్యం ఆనవాళ్లు లేవన్న కారణంతో కేసులు నీరుగారుతున్న చోట ఇది చిన్న విషయం కాదు. అందుకే దీన్ని పెద్ద సంఖ్యలో, మన జనాభా మీద పరీక్షించాలి. అరకొర శాస్త్రంతో కోర్టుకెళ్లి క్రాస్ ఎగ్జామినేషన్‌లో కూలిపోతే మొదట నష్టపోయేది బాధితురాలే.

తొందరపడితే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. వెంట్రుకలను మైక్రోస్కోపు కింద పోల్చి అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నిపుణులు దశాబ్దాల పాటు సాక్ష్యాలిచ్చారు. 2015లో ఆ సాక్ష్యాలను తిరిగి చూస్తే, నిందితులకు వ్యతిరేకంగా వాడిన 268 విచారణల్లో 95 శాతానికి పైగా తప్పుడు వాదనలు బయటపడ్డాయి. ఆ నిందితుల్లో 30 మందికి పైగా మరణశిక్ష పడింది. ఒక పద్ధతిలో తప్పు జరిగే అవకాశం ఎంతో కొలవకుండానే దాన్ని న్యాయస్థానం గడప దాటించిన ఫలితం అది.

మన చట్టాల్లో ఆ గడప చాలా తక్కువ ఎత్తులో ఉంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 329వ సెక్షన్ ప్రకారం కొందరు ప్రభుత్వ శాస్త్ర నిపుణుల రిపోర్టును, వారిని బోనెక్కించకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు. పిలిపించాలా వద్దా అన్నది కోర్టు ఇష్టం. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం 'జీవ నమూనాలు, వాటి విశ్లేషణ' అన్న విశాలమైన మాట వాడింది. ఆ రికార్డులను 75 ఏళ్లు దాచే అధికారం జాతీయ నేర రికార్డుల బ్యూరోకు ఇచ్చింది. పేగుల నమూనా ఒక్కటి చాలు, మనిషి ఏం తింటాడో, ఏ మందులు వాడాడో, ఏ జబ్బు ఉండవచ్చో చెప్పడానికి. ఆ సమాచారానికి ఇప్పుడు ప్రత్యేక రక్షణ ఏదీ లేదు. డీఎన్‌ఏకే లేదు. దాని కోసం 2019లో తెచ్చిన బిల్లును కేంద్రం 2023లో ఉపసంహరించుకుంది.

ఇక చేతిలో ఉన్న ఆధారాలను మనం ఎలా కాపాడుతున్నాం? 2007లో విజయవాడ దగ్గర హాస్టల్‌లో విద్యార్థిని హత్య జరిగింది. ఆ కేసులో శిక్ష పడిన యువకుణ్ని 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలేసింది. కోర్టులో ఉండాల్సిన సాక్ష్యాధారాలు ధ్వంసమయ్యాయంటూ సీబీఐ విడిగా కేసు పెట్టింది. 2019లో మృతదేహాన్ని తవ్వితీసి మళ్లీ పరీక్షించారు. ఒక తల్లిదండ్రుల కడుపుకోతకు ఇన్నేళ్లయినా జవాబు దొరకలేదు. నమూనా తీసిన తేమ దూది పుల్ల (స్వాబ్) మే నెల ఎండలో జీపులో ఒక పూట ఉంటే అందులో బ్యాక్టీరియా పెరిగి అసలు లెక్కే మారిపోతుంది. క్లూస్ టీమ్ వాహనంలో శీతల పెట్టె, ల్యాబులో డీప్ ఫ్రీజర్, నమూనా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో చూపే రికార్డు లేని చోట మైక్రోబయోమ్ (శరీరంలోని సూక్ష్మజీవుల సమూహం) మాట ఎత్తడం అనవసరం.

ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లి తీరాలన్న నిబంధన అమలుకు నాగరిక్ సురక్షా సంహిత రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చింది. ఆ సమయాన్ని తెలుగు రాష్ట్రాలు బాగా వాడుకోవాలి. దేశంలో డీఎన్‌ఏ వేలిముద్రల పరిజ్ఞానానికి పురుడు పోసింది హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్. ఆ నగరంలోనే డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ ఉంది, కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబు ఉంది. ఈ సంస్థలు వైద్య కళాశాలలతో కలిసి, కుటుంబాల అనుమతితో, రాయలసీమ ఎండలోనూ కోస్తా ఉక్కలోనూ శవాలపై సూక్ష్మజీవుల వరుస ఎలా సాగుతుందో నమోదు చేయాలి. టెన్నెసీ లెక్కను కర్నూలుకు అంటగట్టకూడదు.

ఆ పని పూర్తయ్యే దాకా ఈ పరీక్షను దర్యాప్తుకు దారి చూపే సమాచారంగా, అదీ ముఖ్యంగా మరణ సమయం అంచనాకు వాడుకోవచ్చు. ఫలానా వ్యక్తే చేశాడనడానికి దాన్ని ఛార్జిషీటులో ఆధారంగా చూపకూడదని డీజీపీలు లిఖితపూర్వక ఆదేశం ఇవ్వాలి. నిందితుడి నుంచి ఇలాంటి నమూనా తీయాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు తప్పనిసరి చేయాలి. రిపోర్టు ఇచ్చిన నిపుణుడు ప్రతి కేసులోనూ కోర్టుకు వచ్చి, తన పద్ధతిలో తప్పు జరిగే శాతం ఎంతో ప్రమాణం చేసి చెప్పాలి. కేసు నుంచి నిర్దోషిగా బయటపడ్డవారి నమూనానూ, దాని విశ్లేషణనూ వారు అడగకుండానే చెరిపేయాలి.